నల్గొండ నర్సులకు ఆస్ట్రేలియా స్కిల్స్ అసెస్‌మెంట్: సర్టిఫికెట్ల మూట విప్పిన కాడి నుంచి లెటర్ చేతికొచ్చే దాకా

నర్సింగ్ చదివిన చెల్లెండ్లు ఫోన్ చేస్తే మొదట అడిగేది ఒకటే, అక్కా స్కిల్స్ అసెస్‌మెంట్‌కు ఎంత కట్టాలె, ఏ కన్సల్టెన్సీ మంచిది అని. ఆ రెండింటికీ జవాబు చెప్పే ముందు నేను తిరిగి ఒకటి అడుగుత, నీ టెన్త్ మెమో మీద పేరు, పాస్‌పోర్ట్ మీద పేరు ఒక్కటేనా అని. అవతల సప్పుడు ఉండదు. పది మందిలో ఏడెనిమిది మందికి ఒక్కటి ఉండదు, నాకూ లేకుండె.

నేను నల్గొండలో బీఎస్సీ నర్సింగ్ చేసి, మా దగ్గరే ఒక నర్సింగ్ హోమ్‌లో రెండేండ్లు, తర్వాత హైదరాబాద్‌లో ఐసీయూలో కొన్నేండ్లు చేసిన. ఈ ప్రాసెస్ మొత్తం ఏజెంట్ లేకుండ సొంతంగ చేసుకున్న, రెండేండ్ల పైనే పట్టింది, అందులో చదువుకు పోయిన టైమ్ కంటే కాగితాల కోసం తిరిగిన టైమే ఎక్కువ. మన చేతిల పని ఎట్లుందో ఆస్ట్రేలియా వాళ్లు కళ్లతోని చూసేది ఒకే ఒక్క రోజు, ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష రోజు. మిగతాదంతా ఈ కాగితంలున్న మనిషి ఆ కాగితంలున్న మనిషీ ఒక్కరేనా, ఈ తారీఖు ఆ తారీఖు కలుస్తుందా అని చూసుడే. అందుకే ఎక్కువ కాగితాల గురించే రాస్తున్న, ఓపికతోని చదవండి.

మొదలు ఈ కన్ఫ్యూజన్ తీసుకోండి

చాలామంది రెండు వేరే వేరే పనులను ఒకటే అనుకుంటరు. ఆప్రా అంటే అక్కడ నర్సుగా పని చేయనీకి రిజిస్ట్రేషన్ ఇచ్చేది, మనకు తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ ఎట్లనో అక్కడ నర్సింగ్ బోర్డు తరఫున ఆప్రా అట్ల. ఆన్‌మాక్ వేరే. పర్మనెంట్ రెసిడెన్సీ (పీఆర్) లాంటి స్కిల్డ్ వీసాకు అప్లై చేసేటప్పుడు ఈమె నిజంగ నర్సే, మా లెవెల్‌కు సరిపోతది అని వీసా ఆఫీసుకు చూపించే కాగితం ఇచ్చేది ఆన్‌మాక్, అసలు స్కిల్స్ అసెస్‌మెంట్ అంటే అదే. ఆన్‌మాక్ లెటర్ ఉన్నంత మాత్రాన వార్డులో డ్యూటీ చేయనియ్యరు, ఆప్రా రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన పీఆర్ రాదు.

మరి ఏది ముందు? ఇండియాలో చదివి ఇండియాలోనే పని చేసినోళ్లకు ఆప్రా ముందు, ఆన్‌మాక్ తర్వాత. ఎందుకంటే ఆప్రా రిజిస్ట్రేషన్ చేతిలో ఉంటే ఆన్‌మాక్‌లో మాడిఫైడ్ అసెస్‌మెంట్ అనే చిన్న దారిలో పోవచ్చు, కష్టమంతా ఆప్రా దగ్గరనే అయిపోయి ఉంటది కాబట్టి వీళ్లు మళ్లీ పెద్దగ తవ్వరు. హాస్పిటల్ వాళ్లే స్పాన్సర్ చేసే 482 వీసా మీద పోయేటోళ్లకైతే మామూలుగ ఆప్రా రిజిస్ట్రేషనే అసలు సంగతి.

స్టెప్ 1: చాప పరిచి కూసోండి

ఒక ఆదివారం పూట బీరువాలోని సర్టిఫికెట్లన్నీ తీసి చాప మీద వరసగ పరవండి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, నర్సింగ్ మార్కుల మెమోలు అన్ని సంవత్సరాలవి, ప్రొవిజినల్, డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఆధార్, పాన్, పాస్‌పోర్ట్, పెండ్లయితే మ్యారేజ్ సర్టిఫికెట్, పని చేసిన ప్రతి చోటి లెటర్. ఒక నోట్‌బుక్‌లో గీతలు గీసి ప్రతి కాగితం మీద ఉన్న పేరు, పుట్టిన తారీఖు, తండ్రి పేరు ఉన్నది ఉన్నట్టు స్పెల్లింగ్‌తో సహా రాయండి. మనసులో చూసుకుంటే దొరకదు, రాస్తేనే దొరుకుతది.

మన దిక్కు పేర్లతోని మూడు రకాల లొల్లి. ఒకటి ఇంటిపేరు, టెన్త్‌లో ఒక్క అక్షరం ఉంటది, ఇంటర్‌లో పూర్తిగ ఉంటది, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగ ఉంటది. రెండోది స్పెల్లింగ్, లక్ష్మి అనేది ఒక కాగితంలో ఎక్స్‌తోని, ఇంకో కాగితంలో కేఎస్‌హెచ్‌తోని, స్వాతి ఒకచోట టీహెచ్, ఒకచోట ఉత్త టీ. మూడోది పెండ్లి, చదువంతా పుట్టింటి పేరు మీద, పాస్‌పోర్ట్ అత్తగారింటి పేరు మీద. మనకు ఇవన్నీ ఒక్క మనిషే అని తెలుసు, మన ఊరి పోస్ట్‌మ్యాన్‌కు కూడ తెలుసు, మెల్‌బోర్న్‌లో కూసోని ఫైల్ తెరిచేటామెకు ఎట్ల తెలుస్తది?

నేను చెప్పేదేందంటే టెన్త్ మెమోను తల్లి కాగితం అనుకోండి, దాని మీద ఉన్నట్టు మిగతావి తెచ్చుకోండి. టెన్త్ మెమో మార్చాలంటే స్కూల్ నుంచి బోర్డు దాకా తిరగాలె, పాస్‌పోర్ట్ రీఇష్యూ దానికంటే మస్తు సులువు. పాస్‌పోర్ట్ మార్చేది ఉంటే ఇంగ్లిష్ పరీక్ష బుక్ చేసే ముందే మార్చండి, ఎందుకంటే ఆ పరీక్ష రిజల్ట్ మీద పాస్‌పోర్ట్ పేరే పడతది. అస్సలు మార్చరానివి ఉంటే, ఈ రెండు పేర్లూ నావే అని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి, వాళ్లు అడగకముందే ఫైల్‌తో పాటే పెట్టండి. పెండ్లి పేరు తేడాకు రిజిస్టర్డ్ మ్యారేజ్ సర్టిఫికెట్ చాలు, పెండ్లి పత్రిక, ఫొటో ఆల్బమ్ పనికి రావు, నవ్వకండి, ఒక చెల్లె నిజంగనే పెండ్లి పత్రిక అప్‌లోడ్ చేసింది.

స్టెప్ 2: సెల్ఫ్ చెక్, పైసలు కట్టక ముందే

ఆప్రా వెబ్‌సైట్‌లో సెల్ఫ్ చెక్ అని ఉంటది, ఫ్రీనే. నీ చదువు, ఎక్కడ చదివినవ్, అక్కడ రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగి చివర్న నువ్వు స్ట్రీమ్ ఏ, బీ, సీ ఏందో చెప్తది. ఏ అంటే చదువు వాళ్ల చదువుకు సమానం, పరీక్షలు లేవు. మన ఇండియా బీఎస్సీ వాళ్లకు మామూలుగ వచ్చేది బీ, అంటే చదువు సంబంధం ఉన్నదే గానీ సమానం కాదు, అందుకే ఎన్‌క్లెక్స్ అనే కంప్యూటర్ పరీక్ష, ఓస్కీ అనే ప్రాక్టికల్, రెండు పరీక్షలు రాయాలె. సీ అంటే అక్కడికి పోయి మళ్లీ కోర్సు చదవాలె.

జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా ఒక్కటే చేసినోళ్లు ఈ స్టెప్ దగ్గర ఆగి జాగ్రత్తగ చూసుకోండి. జీఎన్ఎం మీద పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసినోళ్లు బీలోకి పోయిన వాళ్లు చాలామందే ఉన్నరు, ఉత్త జీఎన్ఎంతోని ఆ దారి ఇరుకు. ఎవరన్న కన్సల్టెన్సీ ఆయన జీఎన్ఎం అయినా ఏం పర్లేదమ్మా మేం చూసుకుంటం అంటే, ముందు నా సెల్ఫ్ చెక్ రిజల్ట్ చూడు సార్ అని ప్రింట్ చూపెట్టండి. నిజాయితీ ఉన్నోడైతే పోస్ట్ బేసిక్ చేసి రమ్మంటడు.

సెల్ఫ్ చెక్ అయినంక ఓరియెంటేషన్ పార్ట్ 1 అని ఆన్‌లైన్ కోర్సు, అక్కడి హెల్త్ సిస్టమ్, ఆదివాసీల కల్చర్ గురించి ఉంటది. క్లిక్ క్లిక్ అని దాటెయ్యకండి, ఓస్కీలో మాట్లాడే పద్ధతికి పునాది ఇక్కడే పడతది.

ఇంకో దారి కూడ ఉంది. 2025 ఏప్రిల్ నుంచి యూకే, ఐర్లాండ్, అమెరికా, సింగపూర్ లాంటి కొన్ని దేశాల్లో రిజిస్టర్ అయ్యి, 2017 తర్వాత అక్కడ 1800 గంటలు పని చేసిన నర్సులకు పరీక్షలు లేకుండనే రిజిస్ట్రేషన్‌కు దారి తెరిచిన్రు. ఇప్పటికే యూకేలో ఉన్న మన వాళ్లు ఇది తెలియక ఎన్‌క్లెక్స్ కోచింగ్‌కు పైసలు కడుతున్నరు, చూసుకోండి.

స్టెప్ 3: ఇంగ్లిష్, ఇక్కడొక ఉచ్చు ఉంది

నేను ఐఎల్ట్స్ రాసినప్పుడు నాలుగింట్లో 7 కావాలె అనేటోళ్లు, నాకు రెండుసార్లు రైటింగ్‌లో 6.5 దగ్గరే ఆగింది, మూడోసారికి వచ్చింది. 2025 మార్చి నుంచి ఆప్రా కొంచెం సడలించింది, లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లో 7, రైటింగ్‌లో 6.5 చాలు. హెల్త్ స్టాఫ్ కోసమే పెట్టిన ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ అయితే మూడింట్లో బీ, రైటింగ్‌లో సీ ప్లస్.

ఉచ్చు ఏందంటే ఈ సడలింపు రిజిస్ట్రేషన్‌కే, వీసా పాయింట్లకు కాదు. స్కిల్డ్ వీసాకు వయసు, చదువు, ఇంగ్లిష్, అనుభవం చూసి పాయింట్లు వేస్తరు, ఆ లెక్క చివర్న చెప్త. వీసాలో ప్రొఫిషియెంట్ అని 10 పాయింట్లు రావాలంటే ఐఎల్ట్స్‌లో ఇంకా నాలుగింటికి నాలుగూ 7 ఉండాలె, 7, 7, 7, 6.5 తెచ్చుకున్నోళ్లకు ఆప్రా దర్వాజా తెరుచుకుంటది గానీ వీసా లెక్కలో సున్నా పాయింట్లు. అందుకే పీఆర్ ఆలోచన ఉంటే మొదటి నుంచే రైటింగ్ 7 టార్గెట్ పెట్టుకోండి. నాలుగింటికి 8 వస్తే 20 పాయింట్లు, వచ్చేటోళ్లకు వస్తది.

ఐఎల్ట్స్ రాయాలా ఓఈటీ రాయాలా అంటే, వార్డులో మూడు నాలుగేండ్లు చేసినోళ్లకు ఓఈటీ నయం అనిపిస్తది నాకు. రైటింగ్ అంటే పేషెంట్ గురించి రెఫరల్ లెటరో డిశ్చార్జ్ లెటరో రాసుడు, స్పీకింగ్ అంటే పేషెంట్‌తో రోల్ ప్లే, మనకు తెలిసిన లోకమే. ఫీజు మాత్రం ఐఎల్ట్స్ కంటే బాగ ఎక్కువ. రెండింటికీ హైదరాబాద్ పోవాలె, పొద్దున సెంటర్ టైమ్‌కు నల్గొండ ఫస్ట్ బస్సును నమ్ముకోకండి, ముందు రోజే పోయి ఎల్బీ నగర్ దిక్కు ఎవరింట్లనన్న పండుకోండి.

స్టెప్ 4: కాలేజీ, యూనివర్సిటీ, కౌన్సిల్, హాస్పిటల్

నాకు సగం జీవితం ఇక్కడే పోయింది.

ట్రాన్‌స్క్రిప్ట్ అంటే మార్కుల మెమో కాదు. ఏ సబ్జెక్ట్‌కు ఎన్ని గంటలు థియరీ, ఎన్ని గంటలు క్లినికల్, ఏ వార్డులో ఎంత పోస్టింగ్ అని సంవత్సరం వారీగ రాసిన కాగితం. మన చిన్న కాలేజీలలో ఆఫీసులో ఒక సార్ ఉంటడు, ఆయనకు ఫార్మాట్ తెలిస్తే అదృష్టం, తెలియకపోతే మీరే టైప్ చేసి తీసుకపోండి, ప్రిన్సిపాల్ మేడమ్ లెక్కలు చూసి సంతకం పెడతది. గంటలు సొంతంగ పెంచి రాసుకోకండి, మీరు చదివిన సంవత్సరం సిలబస్‌లో ఉన్నన్ని గంటలే ఉండాలె, మీ తర్వాత ఐదేండ్లకు చదివినామె ట్రాన్‌స్క్రిప్ట్ కాపీ కొట్టకండి.

యూనివర్సిటీ సంగతి. తెలంగాణ వచ్చిన కొత్తల్లో, అంతకు ముందు చేరిన మనందరి డిగ్రీలు విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీవి, తర్వాతోళ్లవి వరంగల్ కాళోజీ యూనివర్సిటీవి. ఎన్టీఆర్ యూనివర్సిటీ పేరు 2022లో వైఎస్ఆర్ అని మార్చి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ చేసిన్రు. కాబట్టి మధ్యలో డూప్లికేటో ట్రాన్‌స్క్రిప్టో తీసుకున్నోళ్లకు డిగ్రీ మీద ఒక పేరు, ఈ కాగితం మీద ఒక పేరు ఉంటది. భయం లేదు, కవరింగ్ లెటర్‌లో రెండూ ఒకటే యూనివర్సిటీ, పేరు మారింది అని రెండు లైన్లు రాయండి.

కౌన్సిల్ నుంచి కావాల్సింది గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్, అంటే ఈమె మా దగ్గర రిజిస్టర్ అయ్యి ఉంది, ఈమె మీద కేసులు కంప్లయింట్లు లేవు అని. ఇది మన చేతికిచ్చేది కాదు, కౌన్సిల్ నుంచి డైరెక్ట్‌గ ఆప్రాకు పోవాలె. ముందుగాల మీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయ్యి ఉందా చూసుకోండి, ఎక్స్‌పైర్ అయిన నంబర్ మీద గుడ్ స్టాండింగ్ రాదు. రాష్ట్రం విడిపోక ముందు రిజిస్టర్ అయిన సీనియర్ అక్కలవి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ పేరు మీద ఉంటయి, అవి తెలంగాణకు మార్పించుకున్నంకనే ఈ పని పెట్టుకోండి. అప్లికేషన్ పెట్టినంక రసీదు ఫొటో తీసుకొని పెట్టుకోండి, పంపిన తారీఖు, పంపిన పద్ధతి అడిగి రాసుకోండి. మేం పంపినం, మాకు రాలేదు అనే ఆట మొదలైతే ఆ రసీదే దిక్కు.

గల్ఫ్‌లో చేసి వచ్చినోళ్లు, మాకు డేటాఫ్లో అయింది కదా అంటరు. అది సౌదీ, దుబాయ్ వాళ్ల వెరిఫికేషన్, ఇక్కడ చెల్లదు, ఏ దేశంలో రిజిస్టర్ అయినవో ఆ దేశం నుంచి కూడ గుడ్ స్టాండింగ్ తెప్పించాలె. వరసగ ఆరు నెలలు, ఆపైన ఉన్న ప్రతి దేశానికి క్రిమినల్ హిస్టరీ చెక్ కూడ ఉంటది, ఆప్రా చెప్పిన ఏజెన్సీల నుంచే చేయించాలె.

ఇగ ఎక్స్‌పీరియెన్స్ లెటర్. నేను మొదట చేసిన నర్సింగ్ హోమ్‌కు పోయి లెటర్ అడిగితే, డాక్టర్ ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ తీసి "ఈమె మా దగ్గర స్టాఫ్ నర్సుగా పని చేసింది, ప్రవర్తన మంచిది" అని రెండు లైన్లు రాసి ఇచ్చిండు. చేరిన తారీఖు లేదు, మానేసిన తారీఖు లేదు, పైన ఎడమ దిక్కు ఆర్ఎక్స్ గుర్తు అట్లనే ఉంది. ఆయన తప్పేం లేదు పాపం, ఆయనకు తెలిసిన లెటర్ అదే. ఇంటికొచ్చి ఫార్మాట్ నేనే టైప్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకొని మళ్లీ పోయిన. అందులో ఉండాల్సినవి ఇవి: లెటర్‌హెడ్, నా పూర్తి పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు, హోదా, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, ఫుల్ టైమా పార్ట్ టైమా, వారానికి ఎన్ని గంటలు, ఏ వార్డు, ఎన్ని బెడ్లు, నేను చేసిన పనులు, సంతకం పెట్టే మనిషి పేరు, హోదా, ఫోన్, ఈమెయిల్, సీల్, లెటర్ ఇచ్చిన తారీఖు. ఆ ఫోన్ నంబర్‌కు నిజంగనే ఫోన్ రావచ్చు, ఎత్తేటోళ్లకు ముందే చెప్పి పెట్టండి, రిసెప్షన్ పిల్ల "గా పేరుతోని ఎవ్వల్లేరు" అంటే పనంతా పాడైతది.

పనుల లిస్ట్‌లో ఇంటర్నెట్‌లో దొరికిన పది లైన్లు అతికించకండి. నేను ఐసీయూలో చేసిన కాబట్టి వెంటిలేటర్ పేషెంట్ కేర్, ఆర్టీరియల్ లైన్, ఇన్ఫ్యూజన్ పంపులు, గంట గంటకు ఇన్‌టేక్ అవుట్‌పుట్ అని రాయించిన. డయాలసిస్‌లో చేసినామె డయాలసిస్ గురించే రాయించాలె.

చిన్న హాస్పిటళ్లలో జీతం చేతికి ఇస్తరు, బ్యాంకులో పడదు, పీఎఫ్ ఉండదు. పాయింట్ల కోసం ఎక్స్‌పీరియెన్స్ చూపించాలంటే ఈ లెటర్‌తో పాటు పైసల రుజువు కావాలె, జీతం స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 16 ఇట్లాంటివి. నా రెండేండ్ల నర్సింగ్ హోమ్ అనుభవానికి ఇవేవీ లేవు, కాబట్టి పాయింట్ల లెక్కలో దాన్ని వదిలేసుకున్న. ఇప్పుడు మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో చేరుతున్న చెల్లెండ్లు మొదటి నెల నుంచే సార్, జీతం అకౌంట్‌లో వేయండి అని అడగండి, వెయ్యి తక్కువిచ్చినా పర్లేదు.

ఆప్రాకు ఇంకో లెక్క ఉంది, గత ఐదేండ్లలో 450 గంటలు నర్సుగా పని చేసి ఉండాలె. ఫుల్ టైమ్ చేసేటోళ్లకు మూడు నెలల పని, పెద్ద విషయం కాదు, కానీ పెండ్లయ్యి పిల్లల కోసం ఇంట్ల ఉన్న అక్కలకు ఇదే అడ్డం పడతది.

కాపీలన్నీ నోటరీతో ట్రూ కాపీ అని అటెస్ట్ చేయించాలె. మన కోర్టు ముంగట కూసునే నోటరీలు ఒరిజినల్ చూడకుండనే టపటపా స్టాంప్ కొడతరు. ఒరిజినల్ చూసిన అని రాసి, ఆయన పేరు, హోదా, తారీఖు, సంతకం, ఫోన్ అన్ని పేజీల మీద చదివేటట్టు ఉండాలె, స్టాంప్ సిరా పూసుకపోతే అక్కడే మళ్లీ కొట్టించుకోండి.

స్టెప్ 5: ఎన్‌క్లెక్స్

ఫైల్ ఆప్రాకు పోయి వాళ్లు ఓకే అన్నంక ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ రాయొచ్చు, అమెరికా నర్సులు రాసే అదే పరీక్ష. హైదరాబాద్‌లోనే సెంటర్ ఉంది. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, ఐదు గంటలు. మీరు ఇచ్చే జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంటది, మీరు పాసో ఫెయిలో కంప్యూటర్‌కు నమ్మకం కుదరంగనే ఆగిపోతది. 85 దగ్గర ఆగిపోతే పాస్ అయినట్టే అని మా బ్యాచ్‌లో ఒక నమ్మకం ఉండె, అదేం లేదు, ఫెయిల్ అయ్యేది కూడ 85 దగ్గరే ఆగొచ్చు. 2023 ఏప్రిల్ నుంచి కేస్ స్టడీలు పెట్టిన్రు, ఒక పేషెంట్ కథ ఇచ్చి ఆరు ప్రశ్నలు. ఫెయిల్ అయితే 45 రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు.

మన చదువులో మార్కులు బట్టీకి వచ్చినయి, ఇక్కడ నలుగురు పేషెంట్లు ఉన్నరు, ముందు ఎవరి దగ్గరికి పోతవ్ అని అడుగుతరు. మన వార్డులో సీనియర్ సిస్టర్ ఎటు పొమ్మంటే అటు పోయేటోళ్లం కదా, ఆ నిర్ణయం మనం తీసుకునుడు అలవాటు కావాలె. రోజుకు 50 నుంచి 75 ప్రశ్నలు చేసి, తప్పయినవాటికి ఎందుకు తప్పో నోట్స్ రాసుకున్న, ఆ నోట్సే పనికొచ్చింది. పారాసిటమాల్‌ను వాళ్లు అసిటమినోఫెన్ అంటరు, తీరా ఎన్‌క్లెక్స్ అయ్యి ఓస్కీకి పోతే అక్కడ మళ్లీ పారాసిటమాలే.

స్టెప్ 6: ఓస్కీ

ఇది ఆస్ట్రేలియాకు పోయి రాయాలె, నేను రాసింది అడిలైడ్‌లో. ఫీజు 4000 ఆస్ట్రేలియన్ డాలర్లు, అంటే రెండు లక్షల పైనే, విజిటర్ వీసా, టికెట్, అక్కడ ఉండే ఖర్చు దానికి ఎక్స్‌ట్రా. పది స్టేషన్లు, ఒక్కో స్టేషన్‌కు బయట నిలబడి చదువుకోనీకి రెండు నిమిషాలు, లోపల చేయనీకి ఎనిమిది నిమిషాలు.

పని మనకు వస్తది, నోరే రాదు. మన వార్డులో "మూడో బెడ్ పేషెంట్‌కు ఇంజెక్షన్ ఇయ్యి" అంటరు, పోయి "ఏం పెద్దమ్మా పానం ఎట్లుంది, చెయ్యి చూపియ్యి" అని పొడుస్తం, అయిపాయె. అక్కడ బెడ్ నంబర్ అనే మాట నోటి నుంచి రావద్దు. లోపలికి పోంగనే చేతులు రుద్దుకోవాలె, నా పేరు ఫలానా, ఈ రోజు మిమ్మల్ని చూసుకునే నర్సును అని చెప్పాలె, మీ పూర్తి పేరు, పుట్టిన తారీఖు చెప్పండి అని అడిగి, చేతి బ్యాండ్ మీద నంబర్‌తోని కలిపి చూడాలె, ఏమన్న పడనివి ఉన్నయా అని అడగాలె, చేయబోయేది చెప్పి ఒప్పుకున్నంకనే ముట్టాలె, మళ్లీ చేతులు రుద్దుకోవాలె. ఇదంతా మొదటి నిమిషంన్నరలో. మందు చార్ట్ చూసేటప్పుడు సరైన పేషెంట్, సరైన మందు, డోసు, రూటు, టైమ్ అని గొంతెత్తి చెప్పుకుంట చేయాలె, మనసులో చూసుకుంటే ఎగ్జామినర్‌కు మార్కు పెట్టనీకి ఏం కనపడదు. డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పుడు ఐఎస్‌బార్ పద్ధతిలో: నేనెవరు, ఏమైంది, వెనక కథ, నాకు కనపడింది, నాకు కావాల్సింది.

నేను ఇంట్లో మా నాయనమ్మను మంచం మీద కూసోబెట్టి ప్రాక్టీస్ చేసేదాన్ని. రోజూ పొద్దుగాల, "మీ పూర్తి పేరు, పుట్టిన తారీఖు చెప్పండి" అంటే, "నా పేరు నీకు తెల్వదా, పుట్టిన తారీఖు ఎవ్వలకెరుక, గా పెద్ద కరువు వచ్చిన యాడాది" అనేది. ఆమె ఎన్నిసార్లు తిట్టినా చెదరకుండ మళ్లీ నెమ్మదిగ అడగాలె అని పెట్టుకున్న, అడిలైడ్‌లో పేషెంట్ యాక్టర్ విసుక్కుంట మాట్లాడితే నాకు మా నాయనమ్మే గుర్తొచ్చింది, చెయ్యి వణకలే.

స్టెప్ 7: ఆన్‌మాక్ లెటర్

ఓస్కీ పాసై ఆప్రా రిజిస్ట్రేషన్ వచ్చినంక ఆన్‌మాక్ వెబ్‌సైట్‌లో మాడిఫైడ్ అసెస్‌మెంట్‌కు అప్లై చేయాలె. చాప మీద పరిచిన అవే కాగితాలు, దాని మీద ఆప్రా రిజిస్ట్రేషన్. ఇక్కడ తల పెట్టి ఆలోచించాల్సింది ఒక్కటే, ఆక్యుపేషన్ కోడ్. నర్సు అంటే ఒక్క కోడ్ కాదు, మెడికల్ వార్డుకు 254418, క్రిటికల్ కేర్, ఎమర్జెన్సీకి 254415, ఆపరేషన్ థియేటర్‌కు 254423, మానసిక వైద్యానికి 254422, వృద్ధుల కేర్‌కు 254412, ఏ దాంట్లో ఇమడనోళ్లకు 254499. మీ ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఏం చెప్తుందో అదే కోడ్ పెట్టండి. వాట్సాప్‌లో ఎవరో ఫలానా కోడ్‌కు తొందరగ పిలుస్తున్నరు అన్నరని లేబర్ రూమ్‌లో చేసినామె మానసిక వైద్యం కోడ్ పెడితే ఆ లెటర్ తర్వాత ఆమెనే పట్టిస్తది.

వచ్చే కాగితం పేరు లెటర్ ఆఫ్ డిటర్మినేషన్. దాని మీద పేరు, కోడ్, చెల్లుబాటు తారీఖు ఆ రోజే చదవండి, అక్షరం తప్పుంటే అప్పుడే మెయిల్ పెట్టండి.

పాయింట్ల లెక్క

లెటర్ వచ్చినంక స్కిల్ సెలెక్ట్ అనే వాళ్ల వీసా వెబ్‌సైట్‌లో ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ఇంట్రెస్ట్, అంటే నన్ను వీసాకు పిలవండి అనే దరఖాస్తు పెట్టాలె, తక్కువలో తక్కువ 65 పాయింట్లు ఉండాలె. ఒక లెక్క చేసి చూపిస్త. 28 ఏండ్ల పెండ్లి కాని చెల్లె, వయసుకు 30, బీఎస్సీకి 15, ఐఎల్ట్స్ అన్నింట్లో 7 ఉంటే 10, రుజువులున్న నాలుగేండ్ల అనుభవానికి 5, సింగిల్ కాబట్టి 10, మొత్తం 70. ఏదన్న రాష్ట్రం నామినేట్ చేస్తే 190 వీసాకు ఇంకో 5, పట్నాలకు దూరంగ ఉండే ఏరియాల 491 వీసాకు 15. అదే చెల్లె రైటింగ్ 6.5 అయితే 60, రాష్ట్రం నామినేషన్ పాయింట్లు కలవకుంటే ఫైల్ పెట్టనీకే రాదు. ఇప్పుడర్థమైందా ఆ అర మార్కు గురించి అంత ఎందుకు గుంజిన్నో. వయసు 33 నిండితే 30 కాస్తా 25 అయితది. అనుభవం అంటే గత పదేండ్లలో, వారానికి 20 గంటలకు తక్కువ కాకుండ, జీతం తీసుకొని చేసిందే, ట్రైనింగ్ పోస్టింగులు లెక్కకు రావు.

కన్సల్టెన్సీ సంగతి

పైన ఉన్నదంతా సొంతంగ చేసుకోవచ్చు. చేసుకోలేం అనుకుంటే మారా రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న ఏజెంట్‌నే చూసుకోండి, మారా అంటే ఆస్ట్రేలియా వీసా ఏజెంట్లను రిజిస్టర్ చేసే అక్కడి ప్రభుత్వ ఆఫీసు, నంబర్ ఏడంకెలు, మారా వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే పేరు కనపడాలె. నంబర్ అడిగితే మాట మార్చేటోని దగ్గర చాయ్ కూడ తాగకండి. ఉద్యోగం ఇప్పిస్త అనే రిక్రూటింగ్ ఏజెంట్ అయితే మన విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయ్యి ఉండాలె, ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు, వాళ్లు తీసుకోదగ్గ సర్వీస్ చార్జ్ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. విదేశాల ఉద్యోగాలకు పంపే కంపెనీ మన రాష్ట్ర ప్రభుత్వానిదే టామ్‌కామ్ అని ఉంది, జర్మనీ, జపాన్, గల్ఫ్ దిక్కు నర్సులకు అప్పుడప్పుడు నోటిఫికేషన్లు ఇస్తరు. పాలమూరు నుంచి మేస్త్రీ మాట నమ్మి వలస పోయిన తాతల కథలు మనింట్లలో ఉన్నయి కదా, డిగ్రీ ఉన్న మనం కూడ కాగితం చూడకుండ పైసలిస్తే ఎట్ల.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవ్వల చేతికీ ఇయ్యకండి. నేను హైదరాబాద్‌లో చేరినప్పుడు హాస్పిటల్ వాళ్లు బాండ్ అని నా ఒరిజినల్స్ పెట్టుకున్నరు, అవి బయటికి రానీకి నాలుగు నెలలు హెచ్ఆర్ చుట్టు తిరిగిన, ఈలోపల ఒక ఐఎల్ట్స్ స్లాట్ పోయింది.

ఇగ అందరూ అడిగే చివరిది, ఉద్యోగం ఎప్పుడు మానెయ్యాలె అని. ఎన్‌క్లెక్స్ చదువుకని మానేసి ఇంట్ల కూసున్న వాళ్లను చూసిన, ఏడాది పోతది, చేతిల పైసలు పోతయి, ఎక్స్‌పీరియెన్స్ లెటర్ మీద తారీఖు ఆడనే ఆగిపోతది. నైట్ డ్యూటీలు అడుక్కొని చదువుకోండి, వీసా చేతికొచ్చినంక నెల నోటీస్ ఇచ్చి, ఆఖరి రోజు రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్ రెండూ సీల్ వేయించుకొని, తారీఖులు అక్కడే నిలబడి చదువుకొని బయటికి రండి.